అయిదు కళ్ళ ఇల్లు

ఆ వీధిలో ఏ తలుపు తట్టినా ముందు పలకరించేది అక్షరాలక్క చేతిరాతే. పళ్ళ డాక్టరు గుమ్మం పక్కన, మంత్రసాని తలుపు మీద, మూలనున్న తాళాల దుకాణం పైన, అన్నిచోట్లా ఇత్తడి పలకలు, అన్నిటి మీదా ఆవిడ ఉలితో చెక్కిన పేర్లు. పెళ్ళయి ఈ వీధికి వచ్చిన కొత్తలో ఆవిడకీ ఒక పేరుండేది. ఇప్పుడది ఎవరికీ గుర్తు లేదు. అందరి పేర్లూ చెక్కిపెట్టి తన పేరు పోగొట్టుకున్న మహాతల్లి మా కోడలు అని అత్తగారు ఎగతాళి చేస్తుంది. ఆ ముసలావిడ నోటికి జడిసి కాకులు కూడా ఆ పెరట్లో వాలవు, అది వేరే సంగతి.

అక్షరాలక్క అక్షరానికి ఒక తీరుంది. తలకట్టు కాస్త ఎగిరినట్టుంటుంది. సున్నా నిండుగా, కడుపు నిండిన పిల్లలా ఉంటుంది. రోడ్డుకి అవతల నుంచి చూసి కూడా "ఇది అక్క చెక్కిన పలకే" అని చెప్పెయ్యొచ్చు. ఆ తీరు అచ్చులో రాదు, వేరే చేతికి రాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, తెలిసినంత గర్వమూ ఉంది. ఎందుకుండకూడదూ?

అలాంటి చెయ్యి వణకడం మొదలెట్టింది.

మొదట్లో నిద్ర చాలలేదేమో అనుకుంది. తర్వాత చలి అనుకుంది. ఎండాకాలం వచ్చాక ఆ సాకు కూడా పోయింది. ఒకరోజు కొత్తగా వచ్చిన వకీలుగారి పలక మీద పని చేస్తోంది. పేరంతా అయిపోయింది, చివర ఒక్క కొమ్ము మిగిలింది. ఉలి మీద సుత్తి పడగానే చెయ్యి కదిలింది, ఉలి జారింది, కొమ్ము కాస్తా తోకై పలక అంచుదాకా పోయింది. అక్షరాలక్క ఆ గీత వంక అలా చూస్తూ కూర్చుంది. ఎవరో తన మొహం మీద గీసినట్టనిపించింది ఆవిడకి.

నరాల డాక్టరు చేతులు చాపమంది, గ్లాసు పట్టుకోమంది, కాగితం మీద చుట్టలు గీయమంది. "భయపడాల్సిన జబ్బేం కాదమ్మా. అలాగని తగ్గేదీ కాదు. సన్నపని తగ్గించుకోండి" అంది. సన్నపని తగ్గించుకుంటే ఇక మిగిలేదేముంది? ఆ మాట డాక్టరుతో అనలేదు. ఇంటికొచ్చి మొగుడితోనూ అనలేదు. జారిన గీతలు మళ్ళీ మళ్ళీ చెక్కి కప్పిపుచ్చుతూ, ఒక పలకకి పట్టే వేళలో అర పలక చేస్తూ నెట్టుకొచ్చింది.

బజారులో యంత్రంతో పేర్లు చెక్కే దుకాణం ఉంది. ఓ మధ్యాహ్నం వెళ్ళి చూసొచ్చింది. కంప్యూటరులో పేరు కొడితే చాలు, చిటికెలో పలక తయారు. అక్షరాలు మాత్రం అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. చూస్తే ఆకలి చచ్చిపోయింది ఆవిడకి. కానీ తిరిగొస్తుంటే దారిలో ఒక ఆలోచన తగులుకుంది. కాగితం మీద కుంచెతో రాసేటప్పుడు చెయ్యి వణికినా ఫరవాలేదు. పదిసార్లు రాసి, బాగున్నది ఉంచుకోవచ్చు. ఆ రాసినదాన్ని యంత్రానికి చూపించి, నా అక్షరాన్నే చెక్కమంటే?

సరాసరి టంకం బాబాయి దుకాణానికి నడిచింది.

టంకం బాబాయి ఎవరికీ బాబాయి కాడు, కాబట్టి వీధందరికీ బాబాయే. రేడియోలు, ఫ్యాన్లు, ఫోన్లు, ఏది పాడైనా ఆయన టంకం పెడితే పలుకుతుంది. అక్షరాలక్క చెప్పిందంతా విని, ముక్కు మీది కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.

"కొనే పెద్ద యంత్రం ఈ జన్మకి మనవల్ల కాదు. కానీ ఇంట్లో కట్టుకోవచ్చు అమ్మాయ్. పాత బొమ్మలు గీసే యంత్రం చట్రం నా దగ్గరుంది. దానికి ఉలి బదులు లేజర్ డయోడ్ పెడదాం. ఇత్తడికి నల్లరంగు పూస్తావు, వెలుగు ఆ రంగుని నీ అక్షరం మేరకి కాల్చేస్తుంది, కిందనుంచి ఇత్తడి బయటపడుతుంది."

"అంతేనా?"

"అంతేనా అంటే... వేలిగోరంత ఉంటుంది ఆ డయోడ్. అందులోంచి వచ్చే నీలం వెలుగు కంట్లో పడిందా, రెప్ప వేసేలోపు పనైపోతుంది. నేరుగా పడక్కర్లేదు. మెరిసే దేని మీదైనా పడి తిరిగొచ్చినా చాలు. కాలిందని నొప్పి పుట్టేలాంటిది కాదిది, పోయాక గానీ తెలీదు. మీ ఇంట్లో..." అని ఆగిపోయాడు.

ఎందుకాగాడో ఆవిడకి తెలుసు.

ఆవిడ భర్త వెల్డింగు పని చేసేవాడు. పెద్ద షెడ్డు, పక్కపక్కనే మనుషులు, ఎవరి నిప్పు వాళ్ళది. ఆ షెడ్డులో ఒక అలవాటుండేది. ఎవరైనా నిప్పు రాజేసే ముందు, చక్రం తిప్పే ముందు "కళ్ళు!" అని అరవాలి. చుట్టూ ఉన్నవాళ్ళు ముసుగులు దించుకుని "మూశాం!" అని జవాబివ్వాలి. ఒకరోజు పక్కవాడు "కళ్ళు!" అన్నాడు. అన్నవాడు జవాబు కోసం ఆగలేదు. సానచక్రం పగిలి ఒక పెచ్చు ఎగిరొచ్చింది. ఆయన ఎడమకన్ను అలా పోయింది.

అప్పట్నుంచి ఆయన భార్య పలకలకి మెరుగు పెడతాడు. కంటితో కన్నా వేళ్ళతో చూస్తాడు. వేలికి గరుకు తగిలిందంటే ఊరుకోడు, అద్దంలా అయ్యేదాకా తోముతాడు. ఇంట్లో గరిటెలు, తలుపు గొళ్ళేలు, చివరికి కుళాయి పిడి కూడా తళతళలాడిపోతుంటాయి. వెనకటికి మహా మాటకారి. ఇప్పుడు నోట్లోంచి ముత్యాలు రాలినట్టు ఎప్పుడో ఒక మాట.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్షరాలక్క అన్నీ చెప్పేసింది. చెయ్యి వణుకుతోందన్న ఒక్క ముక్క తప్ప. పని వేగంగా సాగుతుందని, ఇప్పుడందరూ ఇలాగే చేస్తున్నారని చుట్టూ తిప్పి చెప్పింది. అత్తగారు ఒంటికాలి మీద లేచింది.

"నీకేమైనా మతి పోయిందా? ఇంట్లో ఉన్నది ముగ్గురు మనుషులం, అయిదు కళ్ళు! వేరే ఇళ్ళల్లో తలకి రెండు లెక్కన ఉంటాయి. మనకి అసలే ఒకటి తరుగు. ఆ మిగిలినవాటి మీదకి ఇంకో నిప్పు తెస్తానంటావా?"

"అయిదూ అయిదుగానే ఉంటాయి అత్తయ్యా. అందులో ఒక్కదానికి చిన్న మచ్చ పడినా, ఆ యంత్రాన్ని నా చేత్తోనే పొడి చేసి పెంటకుప్పలో పోస్తాను. నా ఉలి మీద ఒట్టు."

"ఒట్లు తర్వాత. వాడేమంటాడో అడుగు."

ఆయన కంచంలోంచి తలెత్తలేదు. "కట్టుకో. కానీ కళ్ళు అని మాత్రం అరవకు. ఆ మాట నేను వినలేను" అన్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. అయినా అక్షరాలక్క వెనక్కి తగ్గలేదు. తన చెయ్యి మూలపడితే తను మనిషిగా మిగలదని ఆవిడకి అనిపించేది, ఆయన మిగిలిన కన్ను పోతే ఇక బతుకే అక్కర్లేదని కూడా అనిపించేది. రెండూ దక్కాలంటే పని పద్ధతిగా చెయ్యాలి, అంతే.

పద్ధతి అంటే మామూలు పద్ధతా! తాళాల దుకాణం వాడు నారింజరంగు కళ్ళజోడు ఒకటి చూపించి "దీనికీ, ఎండకీ, దేనికైనా పనికొస్తుందక్కా" అన్నాడు. "దేనికైనా పనికొచ్చేది నాకు పనికిరాదు" అని తిరిగిచ్చేసింది. ఆస్పత్రులకీ ఫ్యాక్టరీలకీ అమ్మేవాళ్ళ దగ్గర, ఏ రంగు వెలుగుని ఎంత ఆపుతుందో అద్దం అంచు మీదే చెక్కి ఉన్న జతలు తెప్పించింది. ఆ చీమతలకాయంత అంకెల్ని భూతద్దం పెట్టి చదివి, డయోడ్ పెట్టె మీద రాసినదానితో సరిచూసి, బాబాయి చేత కూడా చదివించింది. ఇంట్లో తలకో జత.

"నాకు సగం జోడు చాలుగా. రెండో అద్దం దాచుకోండి, ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నాడాయన. కన్ను పోయాక ఆయన ఆడిన మొదటి వేళాకోళం అది. అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పాత ఇనపబీరువా అడుగుభాగం కోసి పెట్టె చేయించింది. మూత ఏమాత్రం తెరుచుకున్నా కరెంటు పోయేలా మూతకో స్విచ్చి. అరచేత్తో కొడితే అన్నీ ఆగిపోయే ఎర్ర బొత్తాం. తాళం తిప్పితే గానీ వెలగకుండా ఒక తాళంచెవి, దాన్ని దారానికి కట్టి మెళ్ళో వేసుకుంది. ఇక ఆ చెవి స్నానానికి కూడా మెళ్ళోనే. పెట్టె లోపల కింద, వెలుగు వచ్చి పడి ఆగిపోయేచోట, మందపాటి ఇత్తడి పలక ఒకటి వేసింది. దాన్ని గరుకు కాగితంతో గీరి గీరి, పైన పొయ్యిలకి పూసే వేడికాగే నల్లరంగు పూసింది. చూడ్డానికి పెనం అడుగులా తయారైంది. వెలుగు దాని మీద పడితే అక్కడే చావాలి, తిరిగి లేవకూడదు.

పొగ పోవడానికి పెట్టె పక్కన ఒక ఫ్యాను, పొట్టి గొట్టం. లోపల టార్చి పెట్టి, గది చీకటి చేసి, ఎక్కడ వెలుగు కారుతోందో వెతికి అన్ని చిల్లులూ మూసింది. గొట్టం దగ్గర మాత్రం కాస్త మసక వెలుగు కనబడింది.

"దీనికి మోచేతి వంపు పెట్టు అమ్మాయ్" అన్నాడు బాబాయి. "వెలుగు వంపు తిరగలేదు."

"కింద నల్లపలక ఉందిగా బాబాయ్. అసలు పైకి లేవని వెలుగు గొట్టం దాకా ఎలా వస్తుంది? వంపు తర్వాత పెడతాలే."

అంత జాగ్రత్త మనిషి అంతమాట అన్నాక బాబాయి ఇంకేమంటాడు?

డయోడ్ పెట్టకముందే, దానికి కరెంటునిచ్చే సర్క్యూట్ బోర్డుని పరీక్షించారు. డయోడ్ ఉండాల్సినచోట దానికి బదులు మామూలు భాగాలు కొన్ని కట్టి మీటరు పెట్టారు. మొదటిసారే ముల్లు ఎగిరిపడింది. ఒక తీగ సరిగ్గా అతకలేదు. అసలు డయోడ్ ఉండి ఉంటే అక్కడికక్కడే పోయేది. బాబాయి మళ్ళీ టంకం పెట్టాడు, మళ్ళీ పరీక్ష, మళ్ళీ మళ్ళీ పరీక్ష. ముల్లు, హద్దుగా గీసిన గీత దాటకుండా నిలబడేదాకా అక్షరాలక్క ఒప్పుకోలేదు. "నీతో పెట్టుకుంటే తల ప్రాణం తోకకొస్తోంది" అని విసుక్కున్నాడాయన. ఆ తర్వాతే, ఒంట్లోని చిన్నపాటి విద్యుత్తు తగిలినా డయోడ్ చస్తుందని మణికట్టుకి నేలతీగ కట్టుకుని, డయోడ్‌ని వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మలో బిగించాడు.

పరీక్ష పొద్దున పెట్టుకుంది. ముందుగదే దుకాణం. కిటికీకి మందపాటి దుప్పటి, వీధితలుపుకి తాళం, లోపలి తలుపుకి ఇంకో దుప్పటి. అత్తగారిని పెరట్లోకి పంపింది. ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుని, చెయ్యి గోడకి ఆనించి, సినిమా తారలా వెళ్ళింది. ఆయన లోపలి తలుపు వెనక నిలబడ్డాడు. గదిలో ఏమైనా అయితే మెయిన్ స్విచ్చి తియ్యడం ఆయన పని. మంటలార్పే ఎర్రసిలిండరు అక్షరాలక్క కాళ్ళ దగ్గర ఉంది.

ఆ జోడుతో ఒక చిక్కుంది. అది నీలాన్ని పూర్తిగా ఆపేస్తుంది కాబట్టి, ప్రమాదం ఎదురుగా ఉన్నా కంటికి కనబడదు. అందుకని ఫోను కెమేరాని నలుపుతెలుపులో పెట్టుకుంది. వెలుగు ఎక్కడ పడినా అందులో తెల్లచుక్కై కనబడుతుంది.

"వెలిగిస్తున్నా!" అంది.

"ఊ" అని వినబడిందో లేదో అన్నట్టు ఒక మూలుగు. ఆవిడ తాళం తిప్పింది.

వెలిగీ వెలగనంత తక్కువలో పెట్టింది కరెంటుని. డయోడ్ వెలుగందుకుంది. పెట్టెలోంచి చప్పుడు లేదు, వాసన లేదు. ఫ్యాను తిరుగుతోంది. అమ్మయ్య అనుకుని, ఫోనుని మెల్లగా గది చుట్టూ తిప్పింది. పైకప్పు, ఏమీ లేదు. కిటికీ, ఏమీ లేదు. లోపలి తలుపు దుప్పటి...

దుప్పటి మీద ఒక చుక్క మినుకుమినుకుమంటోంది.

ఫ్యాను రెక్కల సందుల్లోంచి వచ్చి పడుతోంది అది. పడుతున్నది ఎక్కడనుకున్నారు! ఆ దుప్పటి వెనకే తలుపు రెక్కల మధ్య సందు ఉంది. గిరాకీ వచ్చారో లేదో అని రోజుకి పదిసార్లు ఆయన కన్ను ఆనించి చూసే సందు. సరిగ్గా ఆ ఎత్తున.

ఎర్రబొత్తాం మీద అరచెయ్యి ఎప్పుడు పడిందో ఆవిడకే తెలీదు. తాళంచెవి లాగేసింది. లోపలి తలుపు వైపు తిరిగింది.

"ఏమండీ! జోడు పెట్టుకునే ఉన్నారా? సందులోంచి చూశారా?"

"పెట్టుకున్నాను. చూళ్ళేదు. ఏమైంది?"

"ఏం కాలేదు" అంది, ఏడుస్తూ. ఏమీ కాలేదు నిజంగానే. దుప్పటుంది, జోడుంది, కరెంటూ తక్కువే.

ప్లగ్గు పీకి, మూత తెరిచి లోపలికి చూసింది. లోపల్నుంచి ఆవిడ మొహమే ఆవిడ వంక చూసింది. నల్లపలక ఏదీ? పెనం అడుగులాంటి పలక ఏదీ? దాని చోటులో తళతళలాడుతూ అద్దం! ముక్కు మీది పుట్టుమచ్చ కూడా కనబడుతోంది అందులో.

"ఎవరిది ఈ పని?" అని అరిచింది. ఆ అరుపుకి అత్తగారు పెరట్లోంచి జోడుతో సహా పరిగెత్తుకొచ్చింది.

ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. "నిన్న సాయంత్రం పెట్టె తుడుస్తుంటే వేలికి తగిలింది. ఇంత గరుకు పలకని అలా వదిలేసిందేమిటి, పని తొందరలో మరిచిపోయిందేమో, పోనీ పాపం అని... ఆ నలుపు కూడా గీకేసి తోమి పెట్టాను." మాట మధ్యలోనే ఆయనకి అర్థమైంది. గోడ పట్టుకున్నాడు.

"ఒరేయ్, నీ తోముడు తగలెయ్య!" అంది అత్తగారు. "నయం, మీ ఆవిడ మొహానికి మెరుగు పెట్టావు కాదు!" అని ఒక నవ్వు నవ్వి, ఆ నవ్వులోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అక్షరాలక్క సుత్తి అందుకుంది.

"మాటంటే మాటే. ఇది ఈ ఇంట్లో ఉండదు. మీ తప్పేం లేదు. గరుకు పలక మీ చేతిలో పడితే మీరు తోమక ఏం చేస్తారు? మీతో కాపురం చేస్తూ ఆ సంగతి నేనే తెలుసుకోవద్దూ? వంపు పెట్టమని బాబాయి ముందే చెప్పాడు. నా పలక ఉందిగా అని మిడిసిపడ్డాను."

సుత్తి ఎత్తింది. ఎత్తిన చెయ్యి వణుకుతోంది. ఆయన వచ్చి ఆ మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, వేళ్ళతో పలకని చూసినట్టు పట్టుకున్నాడు.

"ఈ వణుకు నాకెప్పుడో తెలుసు" అన్నాడు.

ఆవిడ బిత్తరపోయింది. "ఎవరు చెప్పారు?"

"నీ అక్షరాలే. పోయిన వానాకాలం నుంచీ అంచులు నా వేళ్ళకి చెప్తూనే ఉన్నాయి. మళ్ళీ మళ్ళీ చెక్కావని తెలిసేది. మిగిలిన గీతల్ని నేను మెరుగులో కలిపేసేవాణ్ణి. నువ్వు చెప్పలేదు కదా, నేనూ అడగలేదు."

సుత్తి ఆవిడ చేతిలోంచి ఆయన చేతిలోకి ఎలా వెళ్ళిందో గానీ, వెళ్ళింది. ఆవిడ ఆయన భుజం మీద తల ఆన్చి భోరుమంది. ఇన్నాళ్ళూ దాచిన ఏడుపంతా అప్పుడే వచ్చింది. అత్తగారు అటు తిరిగి, శుభ్రంగా ఉన్న కిటికీ గొళ్ళేన్ని కొంగుతో తుడుస్తూ నిలబడింది.

"దీన్ని పగలగొడితే నీ చెయ్యి బాగుపడుతుందా?" అన్నాడాయన. "పడదు. నా కన్నుకి భయపడి నీ చెయ్యి చంపుకుంటానంటే ఒప్పుకోను. నువ్వు వెలిగిస్తున్నా అన్నావు, నేను ఊ అన్నాను. అదీ ఒక జవాబేనా? ఆవేళ షెడ్డులో జరిగిందీ ఇదే. పిలిచినవాడు జవాబు కోసం ఆగలేదు. నేను సరిగ్గా పలక్కపోతే నువ్వు తాళం తిప్పకూడదు. సాయంత్రం దాకా నిలబడాల్సొచ్చినా సరే, తిప్పకూడదు."

"మరి ఏమని పిలవను? మీరా మాట వద్దన్నారుగా."

ఆయన పలకని పెట్టెలోంచి తీసి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ఇంట్లో వింత చూడాలి. పుట్టినప్పట్నుంచీ గరుకు కనబడితే నునుపు చేసిన మనిషి, ఇప్పుడు నునుపుని గరుకు చెయ్యాలి. ఎవరో తన గోళ్ళు పీకుతున్నట్టు మొహం పెట్టుకుని గరుకు కాగితంతో గీరాడు. వేలు పెట్టి చూడ్డం, "ఇంకా నున్నగానే ఉంది ఛ" అనుకోవడం, మళ్ళీ గీరడం. అత్తగారు అరుగు మీద కూర్చుని "ఒరేయ్, అక్కడ కొంచెం మెరుస్తోంది చూడు" అని మేస్త్రీలా పనిచేయించింది. రంగు పూసేముందు అక్షరాలక్క ఆ పలక అంచు మీద వణికే చేత్తోనే, ఉలితో, వంకరటింకరగా ఒక్క మాట చెక్కింది: తోమొద్దు. ఆయన వేళ్ళతో తడిమి చదువుకుని, ఎంతో కాలానికి పళ్ళు కనబడేలా నవ్వాడు.

బాబాయి గొట్టానికి మోచేతి వంపు పెట్టాడు. ఒకటి కాదు, రెండు వంపులు. "ఒకటి చాలదా?" అంటే, "ఒక్కటే ఉన్న కన్నుని కాయడానికి ఒక్క కాపలా సరిపోదని నిన్నే కదే చూశావు" అన్నాడు. నల్లపలక చుట్టూ ఇటుక గోడ లేచింది. తలుపు సందుకి చెక్క కొట్టారు. పరీక్షకి ముందు పెట్టె లోపల వేళ్ళతో తడిమి చూడ్డం ఇప్పుడు ఆయన పని. ఏది నున్నగా తగిలినా పరీక్ష లేదు. ఆ పని అంతకన్నా బాగా చెయ్యగల మనిషి లేడు మరి.

తక్కువ వెలుగులో మళ్ళీ మొదలెట్టారు. ఫోనులో గదంతా చీకటి. పైకప్పు, గోడలు, తలుపు, ఎక్కడా చుక్క లేదు. ఇంకొంచెం పెంచారు, మళ్ళీ వెతికారు. ఏమీ లేదు. దిమ్మ వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్ళీ. అలా రోజుకి కాస్త కాస్త. అన్నిసార్లూ ఆవిడ "వెలిగిస్తున్నా" అనేది, ఆయన "సరే, తిప్పు" అని స్పష్టంగా పలికేవాడు. పని జరిగేది గానీ, ఇద్దరి మధ్యా ఆ వద్దన్న మాట అడ్డంగా కూర్చునే ఉండేది.

చివరికి అసలు పరీక్ష రోజు వచ్చింది. నల్లరంగు పూసిన ఇత్తడి పలక పెట్టెలో పెట్టారు. ఆయన తోమినది, పైన రంగు దిట్టంగా పట్టించినది. వకీలుగారి పేరే. ఆవిడ కుంచెతో ఎన్నిసార్లు రాసిందో లెక్కలేదు, ఆఖరికి తలకట్టు ఎగిరినట్టు, సున్నా నిండుగా ఉన్న ఒక్క కాగితం మిగిలింది. బాబాయి దాన్ని యంత్రానికి ఎక్కించాడు. లోపల ఒక కెమేరా పెట్టి, పెట్టెలో జరిగేది బయట ఫోనులో కనబడేలా చేశాడు. ఆయన పెట్టె లోపలంతా వేళ్ళతో చూసి, తోమొద్దు మీద ఒకసారి వేలు ఆనించి, మూత వేశాడు. బాబాయి వీధిలోకి, అత్తగారు పెరట్లోకి, ఆయన లోపలి తలుపు వెనక్కి వెళ్ళారు.

అక్షరాలక్క జోడు పెట్టుకుంది. తాళంచెవి దూర్చింది. "వెలి..." అనబోయింది.

"అలా కాదు" అని తలుపు వెనకనుంచి ఆయన గొంతు. "షెడ్డులో పిలిచినట్టు పిలువు."

"మీరు వినలేనన్నారు."

"పిలువు."

ఆవిడ వీధికంతా వినబడేలా అరిచింది. "కళ్ళు!"

ఉలుకూ పలుకూ లేదు.

తాళంచెవి మీద వేళ్ళు అలాగే ఉంచింది. తిప్పలేదు. ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. మళ్ళీ పిలవాలనిపించింది, పిలవలేదు. లోపలికి వెళ్ళి చూడాలనిపించింది, వెళ్ళలేదు. సాయంత్రం దాకా అయినా సరే అని మనసులో అనుకుంది. ఆ తలుపు వెనక ఆయన ఎక్కడున్నాడో ఆవిడకి తెలుసు. ఇంట్లో లేడు, షెడ్డులో ఉన్నాడు. అక్కణ్ణుంచి నడిచి రావాలంటే వేళ పడుతుంది. పట్టనీ.

పెరట్లోంచి ముసలి గొంతు ఒకటి సన్నగా అంది: "నావి మూశాన్రా నాన్నా."

ఇంకాసేపు గడిచింది. అప్పుడు తలుపు అదిరేలా, వెనకటి మాటకారి గొంతుతో, షెడ్డు అవతలి మూలకి కూడా వినబడేంత గట్టిగా వచ్చింది జవాబు.

"అయిదూ మూశాం!"

అక్షరాలక్క తాళం తిప్పింది. తాళంచెవి పట్టుకున్న చెయ్యి ఎప్పటిలాగే వణుకుతూనే ఉంది. ఫోనులో, నల్లటి పలక మీద, తలకట్టు ఎగిరినట్టున్న మొదటి అక్షరం మెల్లమెల్లగా బయటికొస్తోంది. దాని గీత ఎక్కడా వణకలేదు.